పాపింగ్ ఎక్కడ నేర్చుకోవాలి: హైదరాబాద్‌లో మూడు చోట్ల చూశాక

పాపింగ్ (బీట్‌కి కండలు టక్కున బిగించి వదులుతూ చేసే డ్యాన్స్) మీద ఇష్టంతో ఈ ఊళ్లో మూడు రకాల చోట్ల నేర్చుకున్నాను. అమీర్‌పేటలో ఒక డ్యాన్స్ ఇన్‌స్టిట్యూట్, కొండాపూర్ వైపు ఒక స్టూడియో, ఇప్పుడు ఆదివారాలు ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కలిసే చిన్న గుంపు. డబ్బో, టైమో, మోకాళ్లో అన్నిచోట్లా పెట్టాను కాబట్టి కొత్తగా చేరేవాళ్ల కోసం ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ముందు బోర్డు సంగతి. వెస్టర్న్, ఫోక్, సంగీత్, హిప్‌హాప్ అన్నీ ఒకే బోర్డు మీద కనిపిస్తే, హిప్‌హాప్‌లో ఏ స్టైల్ నేర్పుతారో అడగండి. చేతులు విరిచినా, తల మీద గిరగిరా తిరిగినా మనవాళ్లకి అదంతా బ్రేక్ డ్యాన్సే. కానీ అసలు బ్రేక్ డ్యాన్స్, అంటే బ్రేకింగ్, 1970లలో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో పుట్టింది. పాపింగ్ కాలిఫోర్నియాది. అక్కడి ఫ్రెస్నో ఊరి కుర్రాడు బూగలూ శామ్, ఆయన 1977లో పెట్టిన ఎలక్ట్రిక్ బూగలూస్ గ్రూపు దాన్ని జనంలోకి తెచ్చాయి. బ్రేకింగ్ ఎక్కువగా నేల మీద సాగేది, పాపింగ్ నిలబడి చేసేది. ఒకదానికి చేసిన కసరత్తు రెండోదానికి పెద్దగా అక్కరకు రాదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో బ్రేకింగ్ పెట్టాక నాకు తెలిసిన ఒకట్రెండు బోర్డుల మీద ఆ పేరు కూడా ఎక్కింది, లోపల క్లాసు మాత్రం పాతదే. 2028 లాస్ ఏంజెలిస్‌లో ఆ పోటీ లేదు, పిల్లల్ని ఆ ఆశతో చేర్చేవాళ్లు గమనించుకోవాలి.

ఇన్‌స్టిట్యూట్‌లో మాస్టర్ మంచివాడు, ఓపికగా చెప్పేవాడు. నాకు స్టేజీ భయం పోయింది అక్కడే. కానీ నేర్పింది పాటలకి స్టెప్పులు. అందులో పాపింగ్ అంటే భుజాలు ఊపడం. పైగా పెట్టేవన్నీ మాస్ పాటలు. పాపింగ్‌కి సరిపోయే ఫంక్ పాటలు చాలావరకు నిమిషానికి 100 బీట్లకి కాస్త అటూ ఇటూగా, నింపాదిగా నడుస్తాయి. తీన్మార్ దరువు మీద కొత్తవాళ్లకి హిట్ (బీట్‌కి కండ బిగించి వదలడం) కుదరదు, ఒళ్లు పరుగు తీస్తుంది. పెళ్లి సంగీత్ కోసమో, కాలేజీ ఫంక్షన్ కోసమో అయితే మాత్రం కళ్లు మూసుకుని చేరొచ్చు.

స్టూడియోలో చెక్క ఫ్లోర్, గోడంతా అద్దాలు, అదిరిపోయే సౌండ్. చివరి పావుగంట వీడియో తీయడానికే. ముందు వరుసలో ఎప్పుడూ బాగా వచ్చినవాళ్లే, మిగతావాళ్లం వెనకాల నిండుదనం కోసం. మూడు నెలల ప్యాకేజీ ముందే కట్టించుకుంటారు. ఆఫీసు పని మీద ఊరెళ్తే ఆ క్లాసులు గోవిందా.

అయితే ఆ స్టూడియోకే ఓసారి బయటి నుంచి ఒక పాపర్ వర్క్‌షాప్‌కి వచ్చాడు. నాకు పాపింగ్ అర్థమైంది ఆ రోజే. పాట లేదు, స్టెప్పు లేదు. చెయ్యి ముందుకి చాపించి, రెండో చేత్తో మోచేతి పైన, వెనకవైపు కండ పట్టుకోమన్నాడు. బీట్ పడగానే అది గట్టిపడాలి, మరుక్షణం మెత్తబడాలి. బిగించడం అందరికీ వచ్చింది, వదలడం ఎవరికీ రాలేదు. వదలకపోతే చెయ్యి కొయ్యబారిపోయి తర్వాతి బీట్‌కి హిట్ కనపడదు. తర్వాత కాళ్లు. తొడ కండ బిగిస్తే మోకాలు దానంతటది వెనక్కి వెళ్తుంది. కొత్తలో అందరం మోకాలినే వెనక్కి విసిరేస్తాం, మోకాలి వెనకాల నొప్పి మొదలయ్యేది దానివల్లే. గంటసేపు ఇదే. సగం మంది విసుక్కుని వాటర్ బాటిళ్ల దగ్గరికి వెళ్లిపోయారు.

అందుకే ట్రయల్ క్లాసుకి వెళ్తే మొదటి అరగంట చూడండి. హిట్, వేవ్ (ఒంట్లో అల పాకినట్టు కదలడం), ఫ్రెస్నో (అటూ ఇటూ అడుగేస్తూ హిట్ కొట్టే స్టెప్పు) లాంటివి విడివిడిగా చేయిస్తున్నారా, నేరుగా పాట మొదలుపెడుతున్నారా? క్లాసులో ఒక్కసారైనా మిమ్మల్ని ఒంటరిగా వదిలి మీకు తోచింది చేయమంటారా? ఈ రెండూ లేకపోతే అద్దాలు, ఏసీ ఎంత బాగున్నా పాపింగ్ రాదు.

సెల్లార్ గుంపులో ఈ రెండూ ఉన్నాయి. గ్రానైట్ నేల నున్నగా ఉంటుంది కాబట్టి గ్లైడింగ్‌కి, అంటే జారుతున్నట్టు కాళ్లు కదపడానికి, భలే కుదురుతుంది (బ్రేకింగ్ వాళ్లు మాత్రం మ్యాట్ లేకుండా అక్కడ మోచెయ్యి ఆనించొద్దు). గుండ్రంగా నిలబడతాం, ఒక్కొక్కరు మధ్యలోకి రావాలి. కొత్తవాడు వచ్చి ఒక్క చేత్తో ఎనిమిది కౌంట్లు హిట్ కొట్టి వెళ్లినా, "ఇంకోసారి కొట్టు తమ్మీ" అంటారే తప్ప ఎవరూ నవ్వరు. లోటుపాట్లు లేకపోలేదు. టైమంటూ ఉండదు, వాచ్‌మన్ మూడ్ బాగోలేకపోతే ఆ రోజు ప్రాక్టీస్ లేదు. అమ్మాయిలు ఒకరిద్దరే, ఆ విషయంలో స్టూడియోనే నయం. బొత్తిగా ఏమీ రాకుండా వస్తే ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పేవాళ్లు కూడా ఉండరు.

దూరాన్ని తేలిగ్గా తీసుకోకండి. కూకట్‌పల్లిలో ఉంటూ సాయంత్రం ఏడింటికి కొండాపూర్ చేరాలంటే జేఎన్‌టీయూ సిగ్నల్ దగ్గరే ఓపిక అయిపోతుంది. మీ మెట్రో లైన్ మీద, స్టేషన్ నుంచి నడిచేంత దూరంలో ఉన్నదే చూసుకోండి.

ప్రస్తుతం నేను సెల్లార్‌లోనే ఉన్నాను. బయటి నుంచి ఎవరైనా పాపర్ వస్తే ఆ వర్క్‌షాప్‌కి డబ్బు కడతాను, మూడు నెలల ప్యాకేజీ మాత్రం ఇంకెక్కడా కట్టను.