గింజ పగలకుండా నూర్చేదే మంచి థ్రెషర్: బహుళ పంటల యంత్రంపై సమీక్ష

ట్రాక్టరు ఇంజను శక్తిని బయటి యంత్రాలకు అందించే పీటీఓ షాఫ్టుకు తగిలించి నడిపే బహుళ పంటల థ్రెషర్‌ను జొన్న మీద, మినుము మీద వాడి చూసి ఈ సమీక్ష రాస్తున్నాను. గంటకు ఎన్ని బస్తాలు నూరుస్తుందని అందరూ అడుగుతారు గానీ, పంట మారినప్పుడు యంత్రాన్ని దానికి తగ్గట్టు ఎంత సులువుగా సవరించగలమన్నదే దాని విలువను తేలుస్తుందని నా అభిప్రాయం.

జొన్న విషయంలో వంక పెట్టడానికి లేదు. ఎండిన కంకులను డ్రమ్ము పళ్లు కొట్టి, దాని కింద వంపు జాలీలా ఉండే కాన్‌కేవ్ చువ్వల మీద రుద్దగా రాలిన గింజ జల్లెడల మీదికి చేరుతుంది. తాలును, పొట్టును ఫ్యాను గాలి ఎగరగొడుతుంది. బస్తాలో పడిన గింజను దోసిట్లోకి తీసుకుని చూస్తే మళ్లీ తూర్పారబట్టే అవసరం కనిపించలేదు.

అసలు పరీక్ష మినుముతోనే. జొన్నకు పెట్టిన వేగంతోనే మినప కట్టెను నూరిస్తే, బాగా ఎండిన గింజ దెబ్బకు రెండు బద్దలుగా చీలిపోతుంది. పీటీఓను నిమిషానికి 540 చుట్ల దగ్గరే ఉంచి, పుల్లీ మార్చి డ్రమ్ము వేగాన్ని మాత్రమే తగ్గించి, డ్రమ్ముకూ కాన్‌కేవ్‌కూ మధ్య సందు పెంచాక బద్దలు బాగా తగ్గాయి. ఇంజను వేగమే తగ్గిస్తే ఫ్యాను కూడా మందగించి పొట్టు గింజలో కలిసే వస్తుంది. ఫ్యానుకు వేరే బెల్టు పెట్టి, అదనపు పుల్లీని యంత్రంతోపాటే ఇవ్వడం తయారీదారుల ముందుచూపు. అయితే సందు సవరించే బోల్టులు బెల్టు కవరు వెనుక ఉన్నాయి. కవరు విప్పితే తప్ప స్పానరు అందదు. పంట మారినప్పుడల్లా చేయక తప్పని పనిని ఇంత ఇరుకులో పెట్టడం లోపమే.

స్కాట్లాండులో 1786 ప్రాంతంలో ఆండ్రూ మీకిల్ నిర్మించిన యంత్రం నుంచి నేటిదాకా నూర్పిడికి ఆధారం తిరిగే డ్రమ్మే, ప్రమాదమూ అక్కడే. ఇందులో పంట అందించే దోనె చెయ్యి చాపినా డ్రమ్ము అందనంత పొడవుంది, లోపలి భాగానికి రేకు మూత కూడా ఉంది. పీటీఓ షాఫ్టు మీది ప్లాస్టిక్ తొడుగు మాత్రం పలచగా ఉంది కనుక కొనేటప్పుడే గట్టిదాన్ని అడిగి వేయించుకోవాలి. ఏ పంటకు ఏ పుల్లీ, ఎంత సందు అన్న పట్టిక చేతిపుస్తకంలో మాత్రమే ఉంది. దాన్ని నడిపేవారికి కనిపించేలా యంత్రం మీదే ముద్రించాలి.