గాలి స్టేషన్: కింది గీత కోసం కొన్నా, పాడైందీ అదే

టెంపరేచరు, తేమ, వాన లెక్క ఏ వాతావరణ స్టేషనైనా చూపిస్తుంది కాబట్టి వాటి జోలికి పోను. పారాగ్లైడింగ్ గుట్ట మీద పెట్టడానికి ఏ గాలి స్టేషన్ కొనాలి అని అడిగేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, గ్రాఫులో గాలికి ఎన్ని గీతలున్నాయో చూడండి. చాలావాటికి రెండే ఉంటాయి, సగటు ఒకటి, దాని పైన గస్ట్, అంటే మధ్యలో ఒక్కసారిగా విసురుగా వచ్చే గాలి. నేను కొన్నదానికి మూడోది కూడా ఉంది, లల్, అంటే ఆ కాసేపట్లో గాలి ఎంత కిందికి పడిపోయిందో చూపించే గీత. ఆ కింది గీతను చూసే డబ్బులు పెట్టాను. దాని మీద అప్పుడు ఎంత మోజో ఇప్పుడు అంత కోపం.

మాది హనుమకొండ. మేం ఎగిరే గుట్ట హుజూరాబాద్ దాటి కరీంనగర్ వైపు పోతే వస్తుంది, ఇంటి నుంచి గంటకు పైనే. మహారాష్ట్రలోని కామ్‌షెట్‌లోనో హిమాచల్‌లోని బీర్‌లోనో ఎగరడం నేర్చుకుని వచ్చి, ఇక్కడ ఎట్లాగైనా ఎగరాలని తంటాలు పడే కొద్దిమందిమి. బీర్ పైనున్న బిల్లింగ్ కొండ మీద లాగా 2400 మీటర్ల ఎత్తున టేకాఫ్ మనకెక్కడిది, ఇది ఉత్త బండరాళ్ళ గుట్ట, పడమటి గాలి సరిగ్గా తగిలితే అంచు మీద గాల్లో కాసేపు నిలబడతాం, లేకపోతే కింద యాసంగి వరి కోసేసిన మళ్ళలో పారామోటార్, అంటే వీపుకి ఇంజను కట్టుకుని ఎగరడం. ఇట్లాంటి చిన్న గుట్టకే కింది గీత ఎక్కువ అవసరం. గాలి ఒక్క నిమిషం పడిపోతే పెద్ద కొండ మీద వాడికి కొంత ఎత్తు పోతుంది అంతే, మాకు మాత్రం ఫ్లైటే అయిపోతుంది, మళ్ళీ గ్లైడర్ మూట నెత్తిన పెట్టుకుని ఎక్కాలి.

సగటు గంటకు 18 కిలోమీటర్లు అని ఉందనుకోండి. అది 15కీ 21కీ మధ్య ఊగే 18 కావచ్చు, పండగే. 6కీ 30కీ మధ్య కొట్టుకునే 18 కూడా కావచ్చు, కొత్తవాళ్ళ గ్లైడర్ మామూలుగా పోయే వేగమే 36, 37 ఉంటుంది, అందులో 30 గస్ట్ అంటే నేను మూట కూడా విప్పను. సగటు చూస్తే రెండు రోజులూ ఒకటే. జూన్, జూలైలో పడమటి గాలి కుదురుకున్నాక సాయంత్రం నాలుగున్నర, ఐదు మధ్య ఎండ వేడి తగ్గుతుంటే ఆ మూడు గీతలు మెల్లగా ఒకదాని దగ్గరికి ఒకటి వస్తాయి, లల్ పైకి లేస్తుంది, గస్ట్ కిందికి దిగుతుంది. ఫోన్‌లో అది చూసి ఆఫీసు నుంచి అటే బండి తీసిన సాయంత్రాలు చాలానే ఉన్నాయి, మొదట్లో ఒక్కసారి కూడా ఉత్త చేతులతో తిరిగి రాలేదు. మండలాల్లో ప్రభుత్వం పెట్టిన ఆటోమేటిక్ స్టేషన్లు వాన లెక్కకి బంగారం, కాదనను, కాని ఊళ్ళో పెట్టిన స్తంభం దగ్గరి గాలి వేరు, గుట్ట అంచున గాలి వేరు.

ఇంకో మాట, ఎన్ని సెకన్లకోసారి కొలుస్తుందో తప్పకుండా చూడాలి. గస్ట్ అంటే వాతావరణ శాస్త్రం లెక్కలో మూడు సెకన్ల సగటుల్లో అన్నిటికంటే పెద్దది. డేవిస్ కంపెనీ స్టేషన్లు రెండున్నర సెకన్లకు ఒకసారి పంపుతాయి, ఇంటి మీద పెట్టుకునే చవక రకాలు కొన్ని 16 సెకన్లకు ఒకసారి, మధ్యలో వచ్చిపోయిన గస్ట్ వాటి లెక్కలోకి రాకపోవచ్చు. లల్ గీత టెంపెస్ట్ అనే స్టేషన్లో ఉంది, యూరప్‌లో పారాగ్లైడింగ్ కొండల మీద కనిపించే హోల్‌ఫుయ్‌లో ఉంది. నాది ఏ కంపెనీదో చెప్పను, కింద రాసేది చదివితే ఎందుకో మీకే తెలుస్తుంది. సిమ్ సంగతి కూడా ముందే కనుక్కోండి, 2జీ మోడెమ్ మాత్రమే ఉన్న స్టేషన్లో జియో సిమ్ వేస్తే పని చేయదు, జియోకి 2జీ లేదు. కోతులకి మాత్రం మేం స్తంభానికి నున్నటి రేకు చుట్టాం, ఇప్పటిదాకా ఎక్కలేదు.

ఇక అసలు సంగతి. రెండో ఎండాకాలం నుంచి గ్రాఫు ఒక రకంగా మారింది, కాని ఒక్కసారిగా కాదు. గస్ట్ మామూలుగానే ఉంది, సగటు కొంచెం తగ్గింది, లల్ మాత్రం మాటిమాటికీ సున్నాకి పోతోంది. చూస్తే ఏమనిపిస్తుంది? ఈ ఏడు గాలి బాగా గస్టీగా ఉంది అని. మేమూ అదే అనుకున్నాం, ఎండలు ముదిరాయి, థర్మల్స్, అంటే నేల వేడికి పైకి లేచే గాలులు, ఎక్కువయ్యాయి అని ఒకరికొకరం చెప్పుకుని ఇంట్లో కూర్చున్నాం. వానాకాలం వచ్చి మబ్బు పట్టి ఎండే లేని రోజుల్లో కూడా గీతలు దగ్గరికి రాలేదు, అప్పుడు కాస్త తేడా కొట్టింది.

ఒక సాయంత్రం మావాడొకడు వేరే పని మీద అటు పోయి గుట్ట ఎక్కి ఫోన్ చేశాడు. "అన్నా, నీ స్టేషన్ ఎంత చూపిస్తంది?" అన్నాడు. చూస్తే సగటు 7, లల్ 0. "ఇక్కడ మనం కట్టిన గాలి సంచి దిగకుండా నిలబడే ఉంది, నా చేతి మీటర్ల 13 కంటే కిందికి పోతలేదు, నువ్వు ఇంట్ల ఏం చేస్తున్నవే" అన్నాడు. విమానాశ్రయాల్లో పెట్టే సంచి 15 నాట్లకి, అంటే దాదాపు 28 కిలోమీటర్లకి పూర్తిగా చాచుకుని అడ్డంగా నిలబడుతుంది, మాది పల్చని గుడ్డ కాబట్టి ఇంకా ముందే లేస్తుంది, కాని 7కి మాత్రం లేవదు. ఎన్ని మంచి సాయంత్రాలు పోయాయో తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. స్టేషన్ చచ్చిపోయి ఉంటే నయం, చచ్చిందని తెలిసి గుట్టకి పోయి కళ్ళతో చూసుకునేవాళ్ళం. ఇది బతికే ఉండి నెమ్మదిగా అబద్ధం చెప్పింది.

గాలికి తిరుగుతూ వేగం కొలిచే కప్పులు విప్పి వేలితో తిప్పితే కరకర చప్పుడు. గుట్టకి అటు పక్క గ్రానైట్ క్వారీ ఉంది, కరీంనగర్ వైపు ఇది కొత్తేం కాదు, ఆ పిండి లాంటి దుమ్ము బేరింగుల్లోకి పోయింది. గాలి కప్పులను తోసే బలం వేగానికి వర్గంలో పెరుగుతుంది, కాబట్టి గట్టి గాలిలో బేరింగు రాపిడి ఒక లెక్క కాదు, నెమ్మది గాలిలో మాత్రం అదే కప్పులను ఆపేస్తుంది. ఒకసారి ఆగితే మళ్ళీ కదలడానికి ఇంకా ఎక్కువ గాలి కావాలి. అందుకే గస్ట్ బాగానే ఉండి కింది గీత ఒక్కటే చెడింది. అంటే ఏ గీత కోసం కొన్నానో అది అన్నిటికంటే ముందు పాడయ్యే గీత అన్నమాట, ఆ సంగతి ఏ బ్రోషర్లోనూ ఉండదు.

అమ్మినవాళ్ళని అడిగితే బేరింగులు విడిగా ఇవ్వం, గాలి భాగం మొత్తం మార్చుకోవాలి అన్నారు, ఆ రేటుకి ఇంకొంచెం వేస్తే చవక రకం కొత్త స్టేషనే వస్తుంది. వరంగల్‌లో బేరింగుల షాపులో అదే సైజు దొరికింది. దుమ్ము లోపలికి పోదు సార్ అని ఆయన రబ్బరు సీలున్నవి ఇచ్చాడు, మాటకి తగ్గట్టు దుమ్ము పోలేదు కాని ఆ సీలు రాపిడికే కప్పులు పాతవాటికంటే మొండికేశాయి. రెండోసారి పోయి ఇనుప షీల్డువి తెచ్చి, వాటిలోని మందపు గ్రీజు పెట్రోలుతో కడిగేసి, పల్చని నూనె ఒక్క చుక్క వేస్తే అప్పుడు ఊపిరి తగిలినా తిరిగాయి. ఆ రోజు నుంచి లల్ మళ్ళీ లేచింది. ఇప్పుడు ఏటా మృగశిర కార్తెకి ముందు విప్పి కడగడం ఒక పని. మొదట్లో పెట్టి మరిచిపోవచ్చు అని అందరికీ చెప్పేవాడిని, ఇప్పుడు ఆ మాట అనడం లేదు.

అల్ట్రాసోనిక్ రకం, అంటే చెవికి వినపడని శబ్దంతో గాలిని కొలిచేది, తీసుకుంటే కప్పులూ ఉండవు, బేరింగులూ ఉండవు కదా అంటారు, నిజమే. కరీంనగర్‌లో తెలిసినాయన దగ్గర ఉంది, పారామోటార్ రోజుల్లో దాన్నే చూస్తాం. సన్న గాలిలో అది చూపించే లల్ నా దానికంటే నమ్మకం. కాని వాన చినుకులు సెన్సర్ మీద నిలిచినప్పుడు లేని గస్టులు చూపిస్తుంది, పిట్ట వచ్చి కూర్చున్నా అంతే. వానలో ఎగిరేవాడు ఎవడూ లేడు కాబట్టి అది పెద్ద లోపం కాదు, గుట్ట మీద పెడితే మబ్బులు వారం రోజులు కదలనప్పుడు ఆ చిన్న సోలార్ పలకతో బ్యాటరీ నిలుస్తుందా అన్నదే నా అనుమానం, ఆయనది మేడ మీద కరెంటుతో నడుస్తుంది.

ఇంతకీ కొనమంటానా అంటే, నాకు స్పానర్ పట్టడం ఇష్టం, గుట్ట గంట దూరంలో ఉంది, ఏడాదికొకసారి విప్పుకోవడం బరువు కాదు, కాబట్టి నేనైతే మూడు గీతలున్న కప్పుల స్టేషనే మళ్ళీ కొంటాను. క్వారీ దుమ్ము లేని గడ్డి కొండ మీద పెట్టేవాళ్ళకి నా గోడు చాలావరకు వర్తించకపోవచ్చు. స్కూలు నడిపేవాళ్ళు, అంటే వేరేవాళ్ళ ప్రాణాలు ఆ అంకె మీద ఆధారపడేవాళ్ళు, నా సలహా కంటే అల్ట్రాసోనిక్ వైపే చూడటం మంచిదేమో, డబ్బులుంటే. ఏది తీసుకున్నా, కప్పుల బేరింగులు విడిగా ఇస్తారా, వాటి సైజు ఏమిటి అని కొనే ముందే అడిగి బిల్లు వెనక రాయించుకోండి.