గీతల గ్రాఫా, చుక్కల గ్రాఫా: మన నడక లెక్కలకు ఏది మేలు?

విశాఖ ఆర్కే బీచ్‌లో పొద్దున్నే నడిచేవాళ్ళలో చాలామంది చేతికి ఇప్పుడు స్మార్ట్‌వాచ్ ఉంటోంది. అడుగులు, గుండె వేగం, నిద్ర అన్నీ అదే లెక్కపెడుతుంది. యాప్ తెరిస్తే ఎక్కువగా కనిపించేది తేదీల వెంట సాగే గీతే. బరువు తగ్గుతోందా లేదా అని చూడ్డానికైతే ఆ గీత చాలు. కాకపోతే ముందురోజు ఆవకాయ కాస్త ఎక్కువ లాగించినా, ఉప్పుకి ఒంట్లో నీరు నిలిచి తెల్లారేసరికి బరువు పెరిగినట్టు చూపిస్తుంది. అందుకని ఏడు రోజుల సగటుతో గీసుకోండి.

దీనికీ దానికీ సంబంధం ఉందా అని అడిగితే మాత్రం నా ఓటు చుక్కలకే. గీతలతో అయితే నిద్రకో గీత, గుండె వేగానికో గీత గీసి, ఎడమ పక్కన ఒక స్కేలు, కుడి పక్కన ఇంకో స్కేలు పెడతారు. కుడి స్కేలు కాస్త సాగదీస్తే రెండూ జంటగా నడుస్తాయి, కుదిస్తే ఎవరి దారి వాళ్ళదే. అలాంటి బొమ్మను ఎలా నమ్మడం?

చుక్కల గ్రాఫ్‌లో అడ్డంగా నడక వేగం, నిలువుగా గుండె వేగం. ఒక్కో నడకకు ఒక్కో చుక్క. ఇందులోనూ ఒక తిరకాసు ఉంది. బీచ్ రోడ్డులో గంటకు 6 కిలోమీటర్ల వేగంతో నడిస్తే గుండె నిమిషానికి 115 సార్లు కొట్టుకుందనుకుందాం. కైలాసగిరి మెట్లెక్కితే వేగం 3కి పడిపోతుంది, గుండె 140 దాటుతుంది. రెండు రకాల చుక్కలనూ కలిపి ట్రెండ్‌లైన్ (చుక్కల మధ్యగా సాగే గీత) గీస్తే అది కిందికి వాలుతుంది. అంటే, వేగం పెంచితే గుండె నెమ్మదిస్తుందట! బీచ్ చుక్కలకు నీలం, కొండ చుక్కలకు ఎరుపు వేసి చూడండి, ఏ గుంపుకా గుంపు పైకే ఎక్కుతూ కనిపిస్తుంది.

ఎండాకాలం సంగతీ అంతే. మే నెల ఉక్కలో ఒంటిని చల్లబరచడానికి చర్మానికి రక్తం ఎక్కువగా పంపాలి కాబట్టి, అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. తేదీల గీత చూస్తే ఫిట్‌నెస్ పోయిందేమోనని టెన్షన్. నెలల వారీగా రంగులు వేస్తే మే చుక్కలు జనవరి చుక్కలకు కాస్త పైన కనిపిస్తాయి, అంతే.

గ్రాఫ్ ఎందుకు, షీట్‌లో రెండు వరుసల అంకెలు ఎంత జంటగా మారుతున్నాయో చెప్పే కోరెల్ (CORREL) ఫార్ములా కొడితే ఒక్క అంకెలో తేలిపోతుంది కదా అనేవాళ్ళూ ఉన్నారు. 1973లో ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ అనే గణాంక శాస్త్రవేత్త నాలుగు పట్టికలు చూపించాడు. నాలుగింటికీ ఆ అంకె సుమారు 0.816. చుక్కలు పెడితే ఒకటి దాదాపు సరళరేఖ, ఒకటి వంపు, మిగతా రెండింటిలో ఒక్క తేడా చుక్కే కథంతా మార్చేసింది. వాచీ వదులై గుండె వేగం తప్పుగా నమోదైన రోజు మన షీట్‌లోనూ అలాంటి చుక్క పడుతుంది.

గూగుల్ షీట్స్‌లో మొదటి కాలమ్‌లో వేగం రాసి, బీచ్ గుండె వేగం ఒక కాలమ్‌లో, కైలాసగిరిది పక్క కాలమ్‌లో పెడితే స్కాటర్ చార్ట్ (అదే మన చుక్కల గ్రాఫ్) రెండు రంగులూ తనే వేసేస్తుంది.