సంగటిలోకి నాటుకోడి పులుసా, ఊరిబిండా?

తిరుపతిలో నాటుకోడి పులుసు తెప్పించుకున్నా, ఊరిబిండి అనే చెనక్కాయ (వేరుశనగ) పచ్చడి తెప్పించుకున్నా, ముందు రాగిసంగటి ముద్దను చూడండి. వేలితో నొక్కితే మెత్తగా దిగాలి, అంటుకోకూడదు. పొడిపిండి ఉండలు తగిలితే, రాగిపిండి ఉడక్కముందే గెలికేశారన్నమాట.

నాటుకోడి ఉడకడానికి గంట దాకా పడుతుంది. పులుసు పల్చగా ఉంటేనే ముద్ద మధ్య గుంటలో నిలిచి లోపలికి ఇంకుతుంది. ముక్క ఎముక నుంచి ఇట్టే ఊడొచ్చిందా, అది బ్రాయిలరేమో అనుమానించండి.

ఊరిబిండికి వేయించిన చెనక్కాయ గింజలు, మిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డ చాలు. బరకగా నూరాలి, మెత్తగా రుబ్బితే ఇడ్లీ చట్నీ అయిపోతుంది. పైన చెంచా నెయ్యి వేస్తే కారం తగ్గుతుంది. ఎండపూట మాత్రం ఊరిబిండే మేలు. పులుసు తినాలంటే కొండ కిందే. తిరుమలలో మాంసం నిషిద్ధం.