గీజర్ బాగుచేయించడమా, కొత్తది కొనడమా, సోలారా?

అనంతపురం చలి కూడా ఒక చలేనా అంటారు గానీ, జనవరిలో పొద్దున అయిదున్నరకి మిద్దె మీది ట్యాంకు నీళ్ళు నెత్తిన పోసుకుంటే తెలుస్తుంది. సంక్రాంతికి ముందు మా 15 లీటర్ల గీజర్ సరిగ్గా అప్పుడే మొరాయించింది. ఆరేళ్ళ పాతది, పారేసి కొత్తది కొందామని మా ఆవిడ. సోలార్ పెట్టిస్తే పీడ విరగడవుతుందని మా తమ్ముడు.

ముందు రోగమేదో తేలాలి. కరెంటు లైటు వెలిగి హీటింగ్ లైటు వెలగకపోతే అనుమానం వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ మీద, లేదా వేడి మితిమీరితే కరెంటు ఆపేసే కటౌట్ మీద. రెండూ వెలుగుతున్నా నీళ్ళు కాగకపోతే చాలావరకు ఎలిమెంటు, అంటే నీళ్ళను కాచే గొట్టం, పోయినట్టే. స్విచ్ వేయగానే బ్రేకర్ పడిపోతుంటే మాత్రం మళ్ళీ మళ్ళీ వేసి చూడొద్దు, మిస్త్రీని పిలవండి.

మాకు పోయింది ఎలిమెంటు. అడుగు మూత విప్పినా అది ఒక పట్టాన బయటికి రాలేదు. వచ్చాక చూస్తే గొట్టమే కనపడలేదు, చుట్టూ వేలెడు మందాన తెల్లటి పెచ్చు. టబ్బులో పెంకులు కుప్పగా రాలాయి. "ఇది గీజర్ గాదు సార్, సున్నం బట్టీ" అన్నాడు మిస్త్రీ. బోరు నీళ్ళలోని కాల్షియం కాగినప్పుడల్లా ఎలిమెంటుకు అంటుకుంటుంది. పెచ్చు వేడిని బయటికి పోనివ్వదు, ఎలిమెంటు తన వేడికి తానే మాడిపోతుంది. నెల రోజులుగా లోపల చిటపటలాడుతుంటే మేమే పట్టించుకోలేదు.

చలికాలంలోనే ఎందుకంటారా? 30 డిగ్రీల నీళ్ళను 60కి తేవడానికి 2,000 వాట్ల ఎలిమెంటుకు దాదాపు పావుగంట చాలు. 20 డిగ్రీల నుంచైతే 20 నిమిషాల పైనే. పైగా ఇంటిల్లిపాదికీ వేడినీళ్ళే కావాలి. అప్పటికే బలహీనపడ్డది ఆ పనికి తట్టుకోదు.

అందుకే నా ఓటు బాగుచేయించడానికే. కొత్త గీజర్‌లోకి వచ్చేదీ ఆ బోరు నీళ్ళే కదా! లోపలి ట్యాంకే తుప్పుపట్టి కారుతుంటే వేరే మాట, దానికి అతుకులు వేయించడం దండగ.

సోలార్ సంగతి అంత తేలిగ్గా తీసేయలేం. మన ఊరి ఎండకు, సొంత మిద్దె ఉన్నవాళ్ళకు అది మంచి బేరమే. కాకపోతే ఉప్పునీళ్ళకు సన్నటి రాగి గొట్టాల పలకలు త్వరగా పూడుకుపోతాయి, గాజు గొట్టాల రకం కొంత నయం. కార్తీక స్నానాల రోజుల్లో ముసురు పడితే అదీ చేతులెత్తేస్తుంది, కరెంటు తోడు ఉండాల్సిందే. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళకు ఆ ఆలోచనే వద్దు.

ఎలిమెంటుతో పాటు, తుప్పు ట్యాంకును తినకుండా తాను అరిగిపోయే మెగ్నీషియం కడ్డీనీ మార్పించాం. వేడి పెరిగేకొద్దీ సున్నం ఎక్కువ పేరుకుంటుంది కాబట్టి థర్మోస్టాట్‌ను 55 దగ్గర ఆపాను. దసరాకు ముందే మూత విప్పి కడిగిస్తానని మా ఆవిడకు మాటిచ్చాను. తమ్ముడు మాత్రం సోలార్ బేరం ఇంకా వదల్లేదు.