చెప్పకుండా ఆరిపోయే డైవింగ్ లైటు బ్యాటరీ నాకొద్దు

నీళ్లలో వాడే లైటు కొన్న కొత్తలో, తిరుపతిలో నాతోపాటు ఈతకొచ్చే వాళ్లందరికీ సీలు చేసిన బ్యాటరీ ప్యాకు ఉన్నదే కొనమని చెప్పాను. మూడేళ్లు వాడాక ఆ మాట చాలావరకు వెనక్కి తీసుకుంటున్నాను.

ఏడాదికి రెండుసార్లు పుదుచ్చేరి వెళ్లి సముద్రంలో డైవింగ్ చేస్తాను. మిగతా రోజుల్లో నా లైటు దిగేది పెనుమూరు దగ్గర మా అత్తగారి మామిడితోట బావిలోకే. మోటారు పైపు అడుగునుండే ఫుట్‌వాల్వుకు ఆకులు గానీ, ప్లాస్టిక్ కవర్లు గానీ చుట్టుకుని మోటారు నీళ్లెత్తడం మానేస్తే నన్నే పిలుస్తారు. పచ్చటి నీళ్లు. పదడుగులు దిగితే నా చెయ్యి నాకే కనబడదు.

ఆ ప్యాకులో నాలుగు 18650 సెల్లులుంటాయి, అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడుగున్న లిథియం సెల్లులు. 7.4 వోల్టులు, 7000 ఎంఏహెచ్ (ఎంత చార్జి పడుతుందో చెప్పే లెక్క). లైటు విప్పే పని లేకుండా చార్జింగు పెట్టుకోవచ్చు. మొదటి ఏడాది దాన్ని వంక పెట్టడానికి నాకేమీ దొరకలేదు.

ఏడాది పైచిలుకు కిందట కార్తీకంలో వానలకు బావి బాగా నిండింది. నడుముకు తాడు కట్టుకుని దిగాను, తాడు చివర గట్టు మీద మా బావమరిది చేతిలో ఉంది. దిగేముందు ప్యాకు మీద చార్జి చూపించే నాలుగు చుక్కలూ వెలగడం ఇద్దరం చూశాం. మూడో మునకలో, ఇరవై అడుగుల కింద, ఒక చేత్తో పైపు పట్టుకుని రెండో చేత్తో కవరు లాగుతున్నాను. లైటు టక్కున ఆరిపోయింది. మసకబారడం గానీ, మిణుకుమనడం గానీ ఏమీ లేదు. కవరు వేళ్లకు చుట్టుకుంది. అది విడిపించుకునే కంగారులో పైపు వదిలేశాను. ఇక గోడ ఎటుందో, పైకి దారి ఎటో తెలియలేదు. ఊపిరి బిగబట్టి ఉన్నవాడికి ఆ నాలుగు సెకన్లు ఎంత పొడుగో చెప్పలేను. తాడు రెండుసార్లు లాగాను.

"యాడుండావు బావా, వెలుతురు కనపడ్లేదే!" అని అరుస్తూ వాడు నన్ను పైకి లాగేశాడు. ఆ రోజు రెండో లైటు లేకుండా దిగడం నా తప్పే. సముద్రంలో ఎప్పుడూ రెండు పెట్టుకునేవాణ్ని, బావే కదా అని ఒక్కదానితో దిగాను. గట్టు మీద కూర్చుని ఐదు నిమిషాల తర్వాత బటన్ నొక్కితే లైటు మళ్లీ వెలిగింది. అర నిమిషం వెలిగి మళ్లీ పోయింది.

తిరుపతిలో ల్యాప్‌టాప్ బ్యాటరీలు బాగుచేసే కుర్రాడి దగ్గరికి తీసుకెళితే విప్పి చూపించాడు. నాలుగు సెల్లుల్లో రెండేసి ఒక జతగా, ఆ రెండు జతలూ వరుసగా కలిపి ఉన్నాయి. ఒక జత బలహీనపడింది. ఏ జత వోల్టేజీ హద్దు దాటి పడిపోయినా లోపలున్న రక్షణ సర్క్యూటు ప్యాకు మొత్తాన్ని ఆపేస్తుంది. అది దాని ధర్మం, లేకపోతే సెల్లు పాడైపోతుంది. చుక్కలేమో రెండు జతల మొత్తం వోల్టేజీ చూసి వెలుగుతాయి. నిండా చార్జి చేసిన పాత ప్యాకు కూడా 8.4 వోల్టులు చూపిస్తుంది, అందులో సరుకు ఎంత మిగిలిందో ఆ చుక్కలకు తెలియదు.

జత అలా కావడానికి నేనూ కారణమే. వేసవంతా నిండా చార్జి చేసి మిద్దె కింద అటక మీద పెట్టాను. నిండా ఉండడం, వేడి రెండూ కలిస్తే లిథియం సెల్లు తొందరగా ముసలిదవుతుంది. మే నెలలో తిరుపతి అటక ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. కానీ ప్యాకు విడిగా అమ్మరా అని కంపెనీ వాళ్లను అడిగితే ఆ మోడల్ ఆపేశాం, కొత్త లైటు కొనుక్కోమన్నారు. నా కడుపుమంట అక్కడే.

ఇప్పుడు వాడేది ఒకే ఒక్క 21700 సెల్లుతో నడిచే లైటు. ఆ సెల్లు 18650 కన్నా కాస్త పెద్దది, మూత విప్పి మార్చుకోవచ్చు. పద్నాలుగు నెలలైంది. దీంట్లో నాకు ప్రాణంగా ఉన్నది ఒక్కటే, చార్జి తగ్గేకొద్దీ వెలుగు మెట్లు దిగినట్టు తగ్గుతుంది. ఒకసారి బావిలో అలా తగ్గింది. ఉన్న పని ముగించుకుని, మెట్లెక్కి, తువ్వాలుతో తల తుడుచుకునేదాకా చిన్న వెలుగు అలాగే ఉంది.

సెల్లుల మీద మార్కరుతో అంకెలు వేసుకుని మల్టీమీటరుతో ఒక్కోటీ చూస్తాను. నిండితే 4.2 వోల్టులు. వాడకుండా దాచేటప్పుడు 3.8 దగ్గర ఆపి, చల్లగా ఉండే కింది గదిలో పెడతాను. కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. 9900 ఎంఏహెచ్ అని రాసిన 18650 రెండు కొని మోసపోయాను. ఆ సైజులో అందులో సగం కూడా పట్టదు. త్రాసులో పెడితే ఒక్కోటీ 31 గ్రాములే, అసలు సెల్లు 45 నుంచి 50 దాకా తూగుతుంది. మంచి 21700 అయితే 5000 ఎంఏహెచ్, దాదాపు 70 గ్రాములు. రక్షణ సర్క్యూటు ఉన్న సెల్లు కొన్ని మిల్లీమీటర్లు పొడుగుంటుంది, కొన్ని లైట్లకు మూత బిగుసుకోదు.

విడి సెల్లుల లైటుకూ బాధలున్నాయి. మార్చిన ప్రతిసారీ మూత విప్పాలి. మూత దగ్గర నీళ్లను ఆపే రబ్బరు ఓ-రింగు మీద వెంట్రుకంత ఇసుక ఉన్నా నీళ్లు దూరతాయి. పుదుచ్చేరి పడవలో తడిచేతులతో మారిస్తే ఒకసారి చుక్క లోపలికి వెళ్లింది, అదృష్టం కొద్దీ ఉప్పు పట్టకముందే తుడిచేశాను. అప్పట్నుంచి ముందురోజు రాత్రే మారుస్తున్నాను. విమానంలోనైతే ప్యాకే సులువు. దాని మీద 52 వాట్ అవర్లని అచ్చేసి ఉంటుంది, హద్దు 100 కాబట్టి చూసి వదిలేస్తారు. అండమాన్ వెళ్లినప్పుడు విడి సెల్లులకు వోల్టుల్నీ ఆంపియర్ అవర్లనీ గుణించి వాట్ అవర్లు చెప్పాల్సి వచ్చింది. ఏదైనా సరే, విడిగా ఉన్న బ్యాటరీలు చేతి సంచిలోనే పెట్టాలి.

వారం వారం డైవింగుకు వెళ్లేవాళ్లకు, వీడియో తీసేవాళ్లకు పెద్ద ప్యాకే కావాలేమో. వాళ్ల ప్యాకు నా ప్యాకులా నెలల తరబడి ఎండలో ఊరికే పడి ఉండదు. ఏడాదికి పది పన్నెండుసార్లు, అదీ ఎక్కువగా బావిలో వాడే నాకు విడి సెల్లే సరిపోయింది.

పాత ప్యాకులో నాలుగు సెల్లులూ మార్పించాను. రాత్రిపూట తోటకు నీళ్లు కట్టేటప్పుడు బావమరిది దాన్ని గట్టు మీద వాడుకుంటున్నాడు. మూత మళ్లీ అతికించి ఉంది గనక నీళ్లలోకి తీసుకుపోవద్దని చెప్పాను.