రెండు అరల స్టీల్ స్నాక్స్ డబ్బా: మూత చూసి కొనండి

వరంగల్ చౌరస్తా స్టీల్ దుకాణాల్లో అడిగితే చూపించే 400 మిల్లీలీటర్ల క్లిప్ డబ్బా బడి పిల్లలకు సరైన సైజు. పెద్ద అరలో గుప్పెడు శనగ గుడాలు, చిన్న అరలో నాలుగు జామ ముక్కలో ఒక నువ్వుల లడ్డో పడతాయి. ఒకటో తరగతి పిల్లకు అది చాలు.

అసలు సంగతి మధ్య గోడది. అది మూత రబ్బరుకు ఆనకపోతే జామ తడి పక్క అరలోకి పారి, అక్కడ గుడాలకు బదులు సర్వపిండి పెట్టి ఉంటే మెత్తబడుతుంది. దుకాణంలోనే ఒక అరలో నీళ్లు పోయించి, మూత బిగించి, తిరగేసి చూడండి. మొహమాటపడొద్దు.

గుడాలు వేడిగా ఉండగా మూత పెడితే మాత్రం ఎంత మంచి డబ్బా అయినా ఏం చేయలేదు. ఆవిరి నీరై లోపలే కారుతుంది, ఎండాకాలంలో ఇంటర్వెల్‌కే పులిసిన వాసన. నీళ్లు పూర్తిగా వార్చి, పళ్లెంలో పరిచి, పావుగంట ఆరాకే నింపాలి.

మూత రబ్బరు, అంటే సిలికాన్ రింగు, ఊడదీసి కడగాలి, లేదంటే గాడిలో నల్ల బూజు పడుతుంది. అయస్కాంతం అంటలేదు కాబట్టి తుప్పుకు బాగా ఆగే 304 రకం స్టీలే అంటే నమ్మొద్దు, చవకైన 202 రకానికీ పెద్దగా అంటదు. క్లిప్పులు బాగా గట్టివి; పిల్లతో తీయించి చూశాకే డబ్బులివ్వండి.